బంద్ రోజున చల్లబెట్టిన కణాలు

ఇప్పుడు ఈ పని యంత్రాలే చేసిపెడుతున్నాయట. పళ్లెంలో కణాలు పోసి మూత పెడితే, టీ తాగి వచ్చేలోగా అన్నిటి లెక్కా తెర మీదికి వచ్చేస్తుందట. మొన్న ఒక కుర్ర సైంటిస్టు ఫోన్ చేసి చెప్పింది. "మీ కాలంలో ఒక్కో కణాన్నీ చేత్తో పట్టేవాళ్లట కదా మేడం, అంత ఓపిక ఎలా ఉండేది?" అని కూడా అడిగింది. ఓపిక నాకు పుట్టుకతోనే లేదు. మా ఇంట్లో ఎవర్ని అడిగినా చెబుతారు. నాకు ఉన్నదల్లా కణాలు కొలిచే ఆ చీకటి గదంటే ఇష్టం. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న మీకు ఆ గది గురించి, అందులో కూర్చుని మేం ఒక ఆడపిల్ల విషయంలో ఎలా బోల్తా పడబోయామో దాని గురించి చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

మా ల్యాబ్ శంషాబాద్ దాటాక, పాల్మాకుల రాకముందు, బెంగళూరు రోడ్డుకు కాస్త లోపలగా ఉండేది. స్థలం కొన్నప్పుడు చుట్టూ ద్రాక్షతోటలేనట. భవనానికి స్లాబు పడేసరికి పక్కనే విమానాశ్రయం తెరిచారు. మేం చేసే పనికేమో నేల కదలకూడదు. కంటికి కనిపించని కణం మీద, దానికంటే సన్నటి గాజుగొట్టం మొన ఆనించి, అందులోంచి పారే కరెంటు కొలవాలి. అందుకని గాలి నింపిన కాళ్ల మీద తేలే ఇనుప బల్ల ఒకటి తెప్పించారు. అయినా పెద్ద విమానం లేచినప్పుడల్లా అద్దం కింద కణం సన్నగా వణికేది. లారీలది ఇంకో రకం వణుకు, తెగేది కాదు. కొన్నాళ్లకు బయటికి చూడకుండానే తెలిసిపోయేది, ఇప్పుడు లేచింది సముద్రాలు దాటేదా, బెంగళూరులో దిగిపోయే చిన్నదా అని. అది మబ్బుల్లో కలిసేదాకా చెయ్యి ఎత్తి పట్టుకుని కూర్చునేదాన్ని. ఆ కాసేపట్లో మనసు ఎక్కడెక్కడికో పోయేది. సూక్ష్మదర్శిని వెలుగులో కణాలు, హిమాయత్ సాగర్‌లో నీళ్లు తగ్గినప్పుడు బయటపడే గుండ్రాళ్లలా కనిపించేవి. అలా చూస్తూ చూస్తూ నేనెక్కడ ఉన్నానో మరిచిపోయిన రోజులున్నాయి. ల్యాబ్ నడిపే మా సారు తలుపు కొద్దిగా తెరిచి, "ఏమ్మా, నిద్రపోతున్నారా?" అనేవారు. "లేదు సార్, విమానం కోసం ఆగాను" అనేదాన్ని. రెండూ నిజమే.

ఈ పని ఎందుకో చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. గుండె ఒకసారి కొట్టుకున్నాక, మళ్లీ కొట్టుకునే ముందు కాస్త తేరుకోవాలి. అందుకోసం గుండె కణాల గోడల్లో చిన్న చిన్న తలుపులుంటాయి. అవి తెరుచుకుంటే లోపలున్న పొటాషియం బయటికి పోతుంది, కణం నెమ్మదిస్తుంది. ఆ తలుపులు చెడిపోతే గుండె తేరుకోవడం ఆలస్యమవుతుంది. పైకి మనిషి నిక్షేపంగా ఉంటుంది. ఎప్పుడో ఉలిక్కిపడిన క్షణంలో లయ తప్పి, అక్కడికక్కడే పడిపోతుంది. రక్తం తీసి జన్యువులు చదివితే, ఆ తలుపును తయారుచేసే జన్యువులో ఒక అక్షరం మారిందని తెలుస్తుంది. అయితే అక్షరం మారిన ప్రతివాళ్లకూ జబ్బు ఉండదు. మనందరి ఒంట్లో అలాంటి మార్పులు బోలెడుంటాయి, వాటివల్ల ఏమీ కాదు. ఈ మార్పు ఏ రకందో తెలియకపోతే "ప్రభావం తెలియదు" అని రాసి చేతులు దులుపుకుంటారు. అప్పుడు అది మా దగ్గరికి వచ్చేది. ఆ మారిన అక్షరంతోనే జన్యువు తయారుచేసి, పళ్లెంలో పెరిగే కణాల్లోకి ఎక్కించి, తలుపు తెరుచుకుంటుందో లేదో చూసేవాళ్లం. పైగా ఆ కణాలు గుండెవి కూడా కావు, మూత్రపిండానివి. గుండె సంగతి కిడ్నీని అడిగి తెలుసుకునే బతుకు మనది అని మా సారు నవ్వేవారు.

ఆయన కృష్ణా జిల్లా మనిషి. చాలా చదివినవాడు, నెమ్మదస్తుడు. ఎవరినీ పల్లెత్తు మాట అనరు, దానివల్ల నాకు ఇంకా చిరాకు. ఇక కణాలను పెంచే పని ఒకమ్మాయిది. మైలార్‌దేవ్‌పల్లి నుంచి వచ్చేది. నన్ను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని, ఇక్కడా అలాగే అంటాను. ఆదివారం చర్చిలో పాడిన పాటలు సోమవారం కణాలకు వినిపించేది. సన్నగా కూనిరాగం తీస్తూ పాత నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పోస్తుంటే కణాలు పెంచే గది గుమ్మంలో నిలబడి వినేదాన్ని. దేశంలో ఎన్ని చోట్ల కణాలు పెరుగుతున్నాయో నాకు తెలియదు గానీ, అంత ముద్దుగా పెరిగినవి మావే అయి ఉంటాయి.

ఒక చలికాలం పొద్దున సిటీలో గుండె డాక్టరమ్మ ఒకావిడ మా సారుకు కేసు ఒకటి పంపింది. పాల్మాకులలో ఒక రైతు కుటుంబం. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దపిల్ల కాలేజీలో చదువుతూ ఒక తెల్లవారుజామున నిద్ర లేస్తూనే మంచం మీదే పోయింది. ఏ రోగమూ లేదు. చిన్నపిల్లకు డాక్టరమ్మ పరీక్షలు చేయిస్తే, ఈసీజీలో కాస్త అనుమానంగా ఉంది, కచ్చితంగా చెప్పేంత లేదు. జన్యువులో ఒక అక్షరం మారి ఉంది, దాని సంగతి ఎక్కడా రాసి లేదు. ప్రస్తుతానికి మాత్రలు ఇచ్చి ఉంచింది. ఆ పిల్లకు విమానాశ్రయంలో ఉద్యోగం వచ్చేలా ఉంది. అక్షరం మంచిదని మేం చెబితే మాత్రలు మానేసి హాయిగా ఉద్యోగంలో చేరుతుంది. చెడ్డదని చెబితే అంత చిన్న వయసులో ఛాతీ కోసి, లయ తప్పగానే లోపల్నుంచే షాక్ కొట్టి సరిచేసే మిషన్ పెట్టాలి, అది జీవితాంతం ఉంటుంది. మంచిదని పొరపాటున చెబితే, ఏదో ఒక పొద్దున ఆ పిల్ల కూడా అక్కలాగే పోతుంది.

అవి తెలంగాణ కోసం బంద్‌ల మీద బంద్‌లు జరుగుతున్న రోజులు. బంద్ అంటే బస్సులుండవు, ల్యాబ్ మూసేసేవాళ్లం, ఎవరమూ వచ్చేవాళ్లం కాదు. మనుషులు రాకపోయినా కణాలు పెరగడం మానవు. రెండు రోజులు వదిలేస్తే పళ్లెం నిండా ఒకదాని మీద ఒకటి ఎక్కి చచ్చిపోతాయి. అందుకని మా దగ్గర ఒక అలవాటు పడింది. బంద్ అని తెలియగానే సాయంత్రం ఇంటికి పోయేముందు చెల్లె ఇంక్యుబేటర్ వేడి తగ్గించేది. ఒంట్లో ఉండే ముప్పై ఏడు డిగ్రీల నుంచి ఇరవై ఏడుకు. కణాలు మగతగా, పెరిగీ పెరగకుండా పడి ఉండేవి. మనుషులు తిరిగొచ్చాక మళ్లీ పనికొచ్చేవి. ఈ ఉపాయం అందరికీ తెలుసు, అందరం మెచ్చుకున్నదే. సారు కూడా వచ్చినవాళ్లకు గొప్పగా చెప్పుకునేవారు.

పాల్మాకుల పిల్ల జన్యువును కణాల్లోకి ఎక్కించిన వెంటనే బంద్ పడింది. అది అయ్యాక వచ్చి నేను కొలిచాను. మొదటి కణంలోనే కరెంటు చక్కగా పారింది. తర్వాతి దానిలోనూ పారింది. మామూలు తలుపు ఉన్న కణాలతో పోలిస్తే కొంచెం తక్కువ, అంతే. ఆ రోజు గదిలోంచి బయటికొచ్చేసరికి చలిమంచు ఇంకా విడలేదు, దిగుతున్న విమానం దీపాలు మాత్రమే కనిపిస్తున్నాయి, విమానం కనిపించడం లేదు. నాకు తెలియని ఒక పిల్ల బతుకుతుందని అంత సంతోషం ఎందుకో వచ్చింది. చెల్లె నా ముఖం చూసే అడిగింది.

"ఏమైందక్కా, తలుపు తీసిందా?"

"తీసిందే. మంచిగ తీసింది."

"దేవునికి స్తోత్రం" అని పళ్లెం మూతను వేలితో తట్టింది, కణాలకు శభాష్ చెప్పినట్టు.

రెండోసారి కొలవకుండా రిపోర్టు రాయకూడదన్నది నియమం. కానీ డాక్టరమ్మ రోజూ అడుగుతోంది. సారుకు మెత్తటి మనసు. "అంతా బాగానే ఉన్నట్టుందండీ, రిపోర్టు వెనక వస్తుంది" అని ఫోన్‌లో చెప్పేశారు. ఆవిడ ఆ మాటే ఆ ఇంటికి చేరవేసింది.

రెండోసారి కొలిచినప్పుడు బంద్ లేదు. ఒక్క కణంలోనూ కరెంటు లేదు. గీత అలా నేల మీద పడుకున్నట్టు ఉంది. మామూలు జన్యువు ఎక్కించిన కణాల్లో మాత్రం ఎప్పటిలాగే పారుతోంది. గొట్టాలు మార్చాను, నీళ్లు మార్చాను. ఆ రోజు పోయిన విమానాలన్నిటినీ తిట్టాను.

ఇక మొదలైంది మా మధ్య. సారు మొదటి ఫలితం వైపు మొగ్గారు. "రెండోసారి జన్యువు సరిగా ఎక్కి ఉండదమ్మా. ఎక్కకపోతే కరెంటు లేకపోవడం సహజమే కదా. ఉన్నదాన్ని నమ్మాలి, లేనిదాన్ని కాదు" అన్నారు. వినడానికి బాగుంది. చెల్లెకు కోపం వచ్చింది, ఎందుకంటే ఎక్కించింది తను. "నేను ఎక్కిచ్చినయ్ ఎక్కకపోవుడు ఎప్పుడన్న ఉన్నదా సార్?" అంది. జన్యువు ఎక్కిందో లేదో తెలియడానికి మెరిసే గుర్తు ఒకటి కూడా కలిపి ఎక్కిస్తాం, అది మెరుస్తూనే ఉంది. నాకు తెలుసు, చెల్లె తప్పు లేదు. కానీ నిజం చెప్పాలంటే నాకూ మొదటి ఫలితమే నిజం కావాలని ఉంది. ఆ పిల్లను నేను చూడలేదు, అయినా కళ్లు మూసుకుంటే విమానాశ్రయంలో నీలం చీర కట్టుకుని నవ్వుతూ నిలబడినట్టు కనిపించేది. ఆ బొమ్మను చెరపబుద్ధి కాలేదు. ఎవరికి ఏది కావాలో దాన్ని బట్టి ఫలితాలు ఉండవని మీకు పాఠాల్లో చెప్పే ఉంటారు, మాకూ చెప్పారు. ఆ నాలుగు రోజులు మా ముగ్గురిలో ఒక్కరికీ అది గుర్తు లేదు.

మూడోసారికి అన్నీ సిద్ధం చేస్తున్నాం. చెల్లె ఆ మధ్యాహ్నమే జన్యువు ఎక్కించింది. సాయంత్రం మళ్లీ బంద్ కబురు వచ్చింది. నేను బ్యాగు సర్దుకుని, చెల్లె కోసం గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆమె ఎప్పటిలాగే పాడుకుంటూ ఇంక్యుబేటర్ దగ్గరికి పోయి బొత్తం మీద వేలు పెట్టింది. ఎర్రటి అంకెలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. ముప్పై ఏడు, ముప్పై ఆరు, ముప్పై అయిదు. ఆ దిగడం చూస్తుంటే నాకు కూడా మత్తుగా ఉంది. ఇరవై తొమ్మిది. ఇరవై ఎనిమిది.

"ఆగు చెల్లె."

వేలు తీసింది. "ఏందక్కా?"

"మొదటిసారి గిట్లనే తగ్గించినవా?"

"తగ్గియ్యకుంటె ఎట్ల? బంద్ ఉండె గదా."

"రెండోసారి?"

"రెండోసారి బంద్ యేడిదక్కా. ముప్పై ఏడుల్నే ఉన్నయ్."

నేను అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. కొన్ని తలుపులు తయారవడం తయారవుతాయి, కానీ మడత సరిగా పడక కణం లోపలే చిక్కుకుపోతాయి, గోడ దాకా రాలేవు. చల్లగా ఉంచితే తీరిగ్గా మడతపడి గోడకు చేరతాయి. ఈ సంగతి నేను ఎప్పుడో చదివాను. చదివిన సంగతి చదివిన చోటే ఉండిపోయింది, ఇంక్యుబేటర్ బొత్తం ఇంకెక్కడో ఉండిపోయింది. ఆ రెండూ ఒకే గదిలో ఉన్నాయని అప్పుడు తెలిసింది. చెల్లెకు చెప్పాను.

"అంటె ఆ పిల్ల లోపట తలుపు లేదా అక్కా? నేను సల్లగ పెడితెనే వచ్చిందా?"

"తెల్వదు. రెండు తీర్ల పెట్టి చూద్దాం."

పక్కన పాత ఇంక్యుబేటర్ ఒకటి ఉండేది. పళ్లేలను సగం సగం చేశాం. ఒకే రోజు, ఒకే చేతితో ఎక్కించినవి. సగం ముప్పై ఏడులో, సగం ఇరవై ఏడులో. వాటిని కొలవాల్సిన రోజు సరిగ్గా బంద్ రోజే. వేడి పెట్టెలోవి బంద్ అయ్యేదాకా ఆగవు. ఎట్లాగైనా రావాలి అనుకున్నాం.

ఆ పొద్దున రోడ్డు ఎలా ఉందో మీకు చెప్పలేను. నేను శంషాబాద్‌లోనే ఉంటాను కాబట్టి నడిచే వచ్చాను. లారీ ఒక్కటి లేదు. బెంగళూరు రోడ్డు మధ్యలో గొర్రెల మంద నింపాదిగా పోతోంది, కాపరి డివైడర్ మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. గాలిలో ఎక్కడిదో చామంతితోట వాసన. ఇంత వెడల్పు రోడ్డు ఎవరి కోసం వేశారా అనిపించింది. చెల్లెను ఆమె భర్త బండి మీద దించి పోయాడు. దారిలో జెండాలు పట్టుకున్న పిల్లలు ఆపారట. "ఎటు పోతున్నరక్కా, బంద్ అని ఎర్క లేదా?" అంటే, ఉన్నది ఉన్నట్టు చెప్పిందట, ఒక పిల్ల గుండె పరీక్ష ఈ రోజు చూడకపోతే పాడైపోతుందని. వాళ్లలో ఒకడు తన బండి తీసి, జెండా పట్టుకుని, తర్వాతి చౌరస్తా దాకా ముందు పోయాడట. "ఊరేగింపు లెక్క వచ్చిన అక్కా" అని నవ్వింది.

ల్యాబ్‌లో మేమిద్దరమే. గదిలో కూర్చుని బల్ల మీద చెయ్యి పెడితే, ఆ బల్ల అంత నిశ్చలంగా ఉండడం నాకు మొదటిసారి తెలిసింది. నా ఉద్యోగ జీవితం మొత్తంలో అంత శుభ్రమైన గీతలు మళ్లీ రాలేదు. ముందు చల్లటి పళ్లెం పెట్టాను. కణం మీద గొట్టం ఆనగానే పట్టు దొరికింది. కరెంటు లేచింది, గుండ్రంగా వంగింది, దిగింది. ఎంత అందంగా ఉందంటే కాసేపు చూస్తూ ఉండిపోయాను. వెచ్చటి పళ్లెం పెట్టాను. గీత లేవలేదు. ఇంకో కణం. లేవలేదు. చెల్లె నా భుజం మీదుగా చూస్తోంది, ఆమె ఊపిరి నా చెవికి తగులుతోంది. ఇంకో కణం. లేవలేదు. పైన ఒక విమానం పోయింది. ఆగాను. అది పోయాక మళ్లీ కొలిచాను. లేదు.

"ఇగ చాలక్కా" అంది చెల్లె. ఏడుస్తోంది. "నా చెయ్యే గదా తగ్గించింది. ఆ పిల్లకు మంచిగున్నదని చెప్పిచ్చింది నా చెయ్యే."

"నీ చెయ్యి ఒక్కటే తగ్గించిందా? మేమందరం కల్సి తగ్గించినం. సార్‌ను అడుగు, ఊరందరికి చెప్పుకునెటోడు." కసురుకున్నాను. కసురుకోకపోతే నేనూ ఏడ్చేదాన్ని.

సారు సిటీలో ఉన్నారు, ఫోన్ చేశాను. మొత్తం విన్నారు. తర్వాత ఆయనలోని సైంటిస్టు లేచాడు. "అంటే తలుపు తయారవుతోంది, దారిలో చిక్కుకుంటోంది. చెడ్డదని మాత్రమే కాదమ్మా, ఎలా చెడ్డదో కూడా తెలిసింది. ఆ బంద్ లేకపోతే మనకు తెలిసేదే కాదు" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "పాల్మాకులలో ఒక పిల్ల తనకేమీ లేదనుకుంటోంది సార్."

"అవునమ్మా. నేనే చెప్పాను కదా. డాక్టరుగారికి నేనే ఫోన్ చేస్తాను" అన్నారు. చేశారు కూడా, ఏ సాకూ చెప్పకుండా. అందుకే ఆయన మీద నాకున్న చిరాకు ఎప్పుడూ ఎక్కువసేపు నిలిచేది కాదు.

డాక్టరమ్మ మర్నాడు నాకు ఫోన్ చేసింది. "మీరూ నాతో రావాలి. ఒకసారి మంచిదని చెప్పి, ఇప్పుడు కాదని చెప్పాలి. ఎందుకని అడిగితే కళ్లతో చూసిన మనిషి పక్కన ఉండాలి" అంది. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లం మేం, మనుషుల మొహాలు మాకు తెలియవు. రానని చెబుదామనుకున్నాను. వస్తాననేశాను.

ఆ ఇల్లు ఊరి చివర పూలతోటల పక్కన ఉంది. చిన్నపిల్ల రోడ్డు దాకా ఎదురొచ్చింది. నేను ఊహించుకున్నదానికంటే పొట్టి, చురుకైన పిల్ల. "జర మెల్లగ రండి మేడం. అమ్మకు సప్పుడైతె పడదు" అంది. లోపలికి పోయాక ఆ మాట అర్థమైంది. అలాంటి ఇల్లు నేను చూడలేదు. గోడ గడియారం ఆగిపోయి ఉంది. ఫోన్‌ను గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టారు. తలుపు రెక్కలు కొట్టుకోకుండా గుడ్డపేలికలు కట్టారు. తల్లి మాట్లాడితే పెదవులు కదలడమే కనిపిస్తోంది, దగ్గరికి వంగితే గానీ వినిపించడం లేదు. అందరం నీళ్లలో ఉన్నట్టు నెమ్మదిగా కదులుతున్నాం.

డాక్టరమ్మ చుట్టూ తిప్పలేదు. "అమ్మా, ముందు నేను చెప్పిన మాట తప్పు. సరిచేసి చెప్పడానికి వచ్చాం. పరీక్ష చేసింది ఈవిడే" అంది.

తల్లి నా వైపు తిరిగింది. "పరీక్ష పెట్టినప్పుడు చల్లగ ఉంచినమమ్మా. చల్లగుంటె మంచిగనే కనిపించింది. ఒంట్ల ఎంత వేడి ఉంటదో అంత వేడిల పెడితె పనిచేస్తలేదు" అన్నాను.

ఆమె ఆలోచించింది. "ఐతె బిడ్డను సల్లగ ఉంచితె సరిపోతదా? ఏసీ పెట్టిస్త. కిరాయికన్న తెస్త" అంది.

డాక్టరమ్మే చెప్పింది, "ఏసీ ఒంటి పైనేనమ్మా, లోపల ఎప్పుడూ వేడే ఉంటుంది" అని. తల్లి తల ఊపింది.

అప్పుడు చిన్నపిల్ల గోడకు ఆనుకుని, "నేను మాత్రలు బంద్ చేసిన మేడం. మంచిగున్నదన్నరు గదా. ఏసుకుంటె మబ్బుమబ్బుగ ఉంటుండె" అంది. డాక్టరమ్మ లేచి, మాత్రల డబ్బా తెప్పించి, తన ముందే ఒకటి మింగించింది. ఆ పిల్ల నీళ్లు తాగుతుంటే నేను రోజులు లెక్కపెట్టుకున్నాను. ఇన్నాళ్లూ ఏ మాత్రా లేకుండా ఈ పిల్ల నిద్రపోయి లేచింది. మిషన్ గురించి డాక్టరమ్మ చెప్పింది. పిల్ల అడిగింది ఒక్కటే: "ఎయిర్‌పోర్టుల లోపలికి పోయే గేటు కాడ అది మోగదా మేడం?" కార్డు ఇస్తాం, చూపిస్తే పక్క నుంచి పంపుతారు అంది డాక్టరమ్మ. "పోయెటోళ్లకు సరే. పనిచేసెటోళ్లకు?" అంది పిల్ల. కనుక్కుని చెబుతానంది డాక్టరమ్మ.

తల్లి ఆమెను చాయ్ పెట్టమని వంటింట్లోకి పంపింది. పంపి, నా దగ్గరికి జరిగి, నా చెయ్యి పట్టుకుంది.

"మేడం, పెద్దదాన్ని ఆ పొద్దు నేనే లేపిన. బస్సు పోతదని మస్తు కోపమొచ్చింది. మంచం కాడ నిలబడి గట్టిగ ఒర్రిన. దిగ్గున లేసి కూసున్నది. నన్ను సూసింది. గంతే, పక్కకు ఒరిగింది. నా గొంతుకే సచ్చింది గదా?"

ఇంట్లో ఆ నిశ్శబ్దం అంతా ఎందుకో అప్పుడు తెలిసింది. అరుపుకు ఉలిక్కిపడితే లయ తప్పుతుందని నాకు తెలుసు. అబద్ధం చెబుదామా అనిపించింది. చెప్పలేకపోయాను. "సప్పుడు ఏదన్న కావచ్చమ్మా. లారీ హారన్ కావచ్చు, పటాకుల సప్పుడు కావచ్చు. లోపట తలుపులు తక్కువున్నయ్. అది పుట్టుకతోని వచ్చింది. మీరు చేసింది కాదు. మీ గొంతు కాకుంటె ఇంకేదో అయ్యేది" అన్నాను.

"అయితె అయ్యేది" అంది ఆమె. "కాని అయింది నా గొంతు. బిడ్డ ఆఖరికి ఇన్నది నా తిట్లు."

డాక్టరమ్మ కిటికీ వైపు చూస్తోంది. చాయ్ గ్లాసులతో చిన్నపిల్ల గుమ్మంలోనే ఆగిపోయి ఉంది. అంతా విన్నట్టుంది. గ్లాసులు కింద పెట్టి వచ్చి తల్లి ముందు కూర్చుంది.

"అక్కకు నీ తిట్లు పొద్దుటి చాయ్ సొంటియే అమ్మా. నువ్వు తిట్టకుంటె ఎన్నడన్న లేసిందా అది? నిన్ను సూసే పోయింది గదా. కొత్తోళ్లను సూసి పోలే."

తల్లి ఆ పిల్ల ఒడిలో తల పెట్టి ఏడ్చింది. ఎన్నాళ్ల నుంచి ఆపుకుందో, పెద్దగా, గొంతు బొంగురుపోయేలా ఏడ్చింది. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూశారు. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికి ఏమీ లేదు.

మిషన్ పెట్టారు. విమానాశ్రయంలో మొదట అనుకున్న ఉద్యోగం రాలేదు. చాలా తిరిగాక సరుకుల విభాగం ఆఫీసులో కంప్యూటర్ పని దొరికింది. మా ల్యాబ్‌లో ఇంక్యుబేటర్ బొత్తాల మీద చెల్లె టేపు అంటించింది. ఆ తర్వాత బంద్ వస్తే పళ్లేలు పారేసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. సారు ఇదంతా వ్యాసంగా రాసి సైన్సు పత్రికకు పంపారు, మా ముగ్గురి పేర్లూ వేశారు. అది వచ్చిన రోజు చెల్లె లడ్డూలు తెచ్చింది.

తెలంగాణ వచ్చిన ఏడాది, ఒక మధ్యాహ్నం ఎందుకో గుర్తొచ్చి ఆ ఇంటికి ఫోన్ చేశాను. తల్లి ఎత్తింది. నేనెవరో చెప్పగానే గుర్తుపట్టింది. కిందటి నెల పక్కింట్లో పెళ్లట. పొద్దున్నే పటాకులు పేల్చారట, నిద్రలో ఉన్న పిల్ల ఉలిక్కిపడి లేచి, కళ్లు తేలేసి పడిపోయిందట.

"నేను సూస్తనే ఉన్న మేడం. గట్లనే ఒరిగింది, పెద్దదాని తీర్గనే. నా పానం పోయింది. గంతల్నే లోపట మిషన్ షాక్ కొట్టింది. ఒళ్లంత ఎగిరిపడ్డది. కండ్లు తెరిసి, ఏందే గట్ల సూస్తున్నవ్ అని నన్నే అడిగింది."

ఆ బంద్ రోజు బల్ల మీద లేవని గీత కళ్ల ముందు కనిపించింది.

"పెరట్ల ఉన్నది. ఉండు మేడం, పిలుస్త" అంది. ఫోన్ చెవి దగ్గరి నుంచి తీయకుండానే పిలిచింది. "ఏ పిల్లా, మేడం ఫోన్ చేసింది, జల్ది రా."

ఆమెకు అంత పెద్ద గొంతు ఉందని నాకు తెలియదు. నా చెవి గింగురుమంది. ఎక్కడో దూరం నుంచి జవాబు వచ్చింది.

"వస్తున్ననే అమ్మా, ఒర్రకు."